నలుగురికి రెండు గుళ్ళు

వెర్బా, సస్కాచువాన్
1969 ఆగస్టు 20

తమ్ముడు మెత్రోకి,

యేసుక్రీస్తుకు మహిమ.

నిన్న పొద్దున సంగతి రాస్తాను. విశేషమేమీ లేదు, రోజూ అలాగే ఉంటుంది. నువ్వు ఊరు వదిలి ఇరవై ఏళ్ళయింది. ఇక్కడ తెల్లారితే ఏమవుతుందో మర్చిపోయి ఉంటావు.

లేచి ప్రార్థన చేసుకున్నాను. పొయ్యి రాజేసి కాఫీ పెట్టాను. కోళ్ళకి గింజలు చల్లాను. ఎర్రకోడి మళ్ళీ నాన్న ట్రాక్టరు సీటు మీదే గుడ్డు పెట్టింది. ఆ ట్రాక్టరు ఇప్పుడు దానిదే అనుకోవాలి, దాన్ని నడిపేవాళ్ళు వేరే ఎవరూ లేరు. తెక్ల పిన్నికి పాలు పట్టుకెళ్ళాను. ఆవిడకి చెవులు పోయాయి, నోరు పోలేదు. పాలు నీళ్ళగా ఉన్నాయంది. ఆవుకి చెప్తానన్నాను.

తర్వాత గుడి మెట్లు ఊడవడానికి వెళ్ళాను. రోడ్డు అవతల హరాసిమ్ కూడా అప్పుడే తన గుడి మెట్ల మీదకి చీపురుతో వచ్చాడు. మేం పలకరించుకోం. ఆయన నా చీపురు వంక చూసి తల ఊపుతాడు, నేను ఆయన చీపురు వంక చూసి తల ఊపుతాను. ఎవరు ముందు లోపలికి పోతే వాళ్ళ గుడి ఓడిపోయినట్టు. నిన్న అరగంట సేపు ఊడ్చిన మెట్లే ఊడ్చాం. చివరికి ఆయన తమ్ముడు ప్రోకిప్ వాళ్ళింటి కిటికీలోంచి "అన్నా, గంజి మాడిపోతోంది!" అని అరిచాడు. మనమే గెలిచాం.

అప్పుడు పోస్టు వచ్చింది. బిషప్పు ఆఫీసు నుంచి ఉత్తరం.

పునీత దిమిత్రి పండక్కి కొత్త ఫాదర్ వచ్చి పూజ చేస్తారట. ఆ రోజు మన గుడి వాళ్ళు ఆరుగురు కనబడితే గుడి ఉంటుంది. లేకపోతే మూసేస్తారు. మూస్తే స్థలం, దాని మీదున్నదీ తాత వారసులకే రావాలని దస్తావేజులో ఉంది కదా. అంటే నీకు, నాకు, చెల్లి ఒరిస్యకి. మన ఆచారం నీకు తెలుసు. పూజ ఆగిన గుడిని కొట్టాం చెయ్యనివ్వరు, కోళ్ళగూడు చెయ్యనివ్వరు. కాల్చేస్తారు.

ఈ కొత్త ఫాదర్ పోయిన నెల వచ్చినప్పుడు "నలుగురు మనుషులకి రెండు గుళ్ళెందుకమ్మా?" అని అడిగారు. "ఇటువైపు రోములోని పోపుగారు ఉన్నారు, అటువైపు లేరండి" అన్నాను. అంతకంటే వివరంగా చెప్పడం నాకు రాలేదు.

అందుకే నీకు రెండు పనులు చెప్తున్నాను. ఊరి చరిత్ర రెండు పేజీలు రాసి పంపు, బిషప్పు ఆఫీసు అడిగింది. ఆ తర్వాత, దిమిత్రి పండక్కి రా. మెత్రో అంటున్నా నీ అసలు పేరు దిమిత్రి కదా, నీ పేరున్న పండగే. అక్కడున్న మన ఊరి వాళ్ళని కూడా తీసుకురా.

ఫోను చేద్దామంటే మా లైనూ హరాసిమ్ లైనూ ఒకటే. నేను ఎత్తగానే ఆయన ఊపిరి వినబడుతుంది.

మెత్రో, ఈ గుడి మూతపడితే నేను పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

నిన్ను ప్రార్థనలో తలుచుకునే
అక్క పరాస్కా

*

వాంకూవర్
1969 సెప్టెంబరు 6

అక్కా,

నిత్యమూ మహిమ! చూశావా, జవాబు మర్చిపోలేదు. ఇరవై ఏళ్ళు వాడకపోయినా తుప్పు పట్టలేదు.

కుర్చీలో ఒక పెద్దమనిషిని సగం గడ్డంతో కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడిగాడు. బిషప్పుకి ఉత్తరం అన్నాను. అప్పటినుంచి కదలకుండా కూర్చున్నాడు పాపం. ఇదిగో చరిత్ర.

వెర్బా చరిత్ర. రచన: మెత్రో బొద్నార్, మంగలి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో మా తాత ఫెదిర్, ఇంకో తొమ్మిది కుటుంబాలూ సముద్రం అవతలి గలీసియా నుంచి వచ్చి ఇక్కడ దిగారు. అడవీ నీళ్ళూ ఉన్న నేల ఇస్తామని ఏజెంటు చెప్పాడు. దిగి చూస్తే కనుచూపు మేర గడ్డి, మధ్యలో ఒకే ఒక్క నీరువంజి చెట్టు. మా భాషలో దాన్ని వెర్బా అంటాం. సంబరపడి ఊరికి ఆ చెట్టు పేరే పెట్టారు. మొదటి చలికాలంలోనే దాన్ని నరికి పొయ్యిలో పెట్టారు. ఊరి చరిత్రంతా నిజానికి ఇంతే, మిగతాది బిషప్పుగారు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

బావి కంటే ముందు గుడి కట్టారు. దేవుడికి ఇల్లు దొరికింది, మనుషులకి దాహం మిగిలింది. బడి కంటే ముందు నాటుసారా బట్టీ పెట్టారు. (దీని గురించి వేరే పేజీ జతచేశాను, బొమ్మతో సహా.)

1918లో అప్పటి బిషప్పు గుళ్ళన్నీ తన పేరున రాసిమ్మన్నాడు. ఊరు రెండుగా చీలింది. పంచాయితీ గుళ్ళోనే పెట్టారు. హరాసిమ్ వాళ్ళ నాన్న ఓనుఫ్రి లేచి, "బిషప్పుకి గొర్రెపిల్లనిచ్చినా రసీదు అడిగేవాణ్ణి, గుడిని ఊరికే ఎలా ఇస్తానయ్యా?" అన్నాడు. మా తాత ఓనుఫ్రి టోపీ లాక్కుని తలుపులోంచి బయటికి విసిరాడు. ఓనుఫ్రి టోపీ కోసం బయటికెళ్ళాడు. సగం ఊరు ఆయన వెనక వెళ్ళింది. టోపీ కోసం వెళ్ళినవాళ్ళు ఇంతవరకూ తిరిగి రాలేదు.

వాళ్ళు రోడ్డు అవతల ఇంకో గుడి కట్టుకున్నారు. అదే వడ్రంగి, అదే నమూనా, అదే పునీత దిమిత్రి. పునీతుణ్ణి వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గోపురం మాత్రం మన దానికంటే ఒక అడుగు ఎత్తు. మా తాత మన గోపురం మీద పొడుగు సిలువ పెట్టించాడు. వాళ్ళు మళ్ళీ పెంచబోతే వడ్రంగి ఇద్దరి కాళ్ళూ పట్టుకుని, "అయ్యా, ఇంకా పైకెళ్తే పిడుగులు మనల్నే వెతుక్కుంటూ వస్తాయి" అని ఆపాడు.

ఇంకో మాట. బిషప్పు తరఫున అంత పోట్లాడిన మా తాత, గుడి మూస్తే స్థలం తన వాళ్ళకే రావాలని దస్తావేజులో రాయించాడు. బిషప్పుని నమ్మాడు గానీ మరీ అంత నమ్మలేదు.

తర్వాత బడి పోయింది, కొట్టు పోయింది, గోధుమలు నిలవచేసే ఎలివేటరు పోయింది. రైలు వాళ్ళు వచ్చి పట్టాలు పీక్కుపోయారు. పట్టాలు వేసిన రోజు ఊరంతా ఏడ్చిందట, సంతోషంతో. పీకిన రోజు ఎవరూ ఏడవలేదు, ఏడవడానికి ఊళ్ళో జనం ఉండాలిగా.

ఇంతే. ఇక మన సంగతులు. ఈ దస్తావేజు గొడవ వెనక ఒరిస్య మొగుడు వాల్టర్ లేడు కదా? అతనికి మన స్థలం మీద కన్నుందని నాకెప్పటినుంచో అనుమానం. ఇంకోటి, రోజూ పొద్దున అరగంట ఒక మగాడి చీపురు వంక చూస్తున్నావంటే, అక్కా, తమ్ముడిగా అడగకుండా ఉండలేను. ఏంటి సంగతి?

పండక్కి వస్తా. ఒట్టు.

నీ పాపిష్టి తమ్ముడు
మెత్రో

*

వెర్బా
1969 సెప్టెంబరు 22

తమ్ముడికి,

యేసుక్రీస్తుకు మహిమ. ఆ పెద్దమనిషికి మిగతా సగం గడ్డం గీశావనుకుంటాను.

చరిత్ర అందింది. చెట్టుని ఉంచాను. దాహం తీసేశాను. టోపీ ఉంచాను, "విసిరాడు" కొట్టేసి "పడింది" అని రాశాను. బిషప్పుని మరీ అంత నమ్మలేదన్న చోట "ముందుచూపు గలవాడు" అని పెట్టాను. నాటుసారా పేజీ పొయ్యిలో వేశాను. బాగా మండింది.

నువ్వు రాయనిది ఒకటి నేను చేర్చాను. గుళ్ళు రెండయినా సమాధుల తోట ఒకటే. చీలిపోయిన ఏడాదే చలికాలంలో విషజ్వరం వచ్చింది. ఓనుఫ్రీ, మన నాయనమ్మా ఒకే వారంలో పోయారు. గడ్డకట్టిన నేల. విడివిడిగా తవ్వే బలం ఎవరికీ లేకపోయింది. టోపీ విసిరిన తాతా, ఆ టోపీ మనిషి కొడుకు హరాసిమూ కలిసి తవ్వారట. తవ్వినంతసేపూ మాట్లాడుకోలేదట. ఇది నాకు హరాసిమే చెప్పాడు.

అవును, మాట్లాడాడు. నీ అనుమానాలు నీ దగ్గరే పెట్టుకో. మొన్న రోడ్డు మధ్యకి వచ్చి ఆగాడు. మధ్య దాటలేదు.

"మీ గుడి మూసేస్తారటగా" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"ఫోను."

"ఫోను చెప్పదు, వింటుంది."

"సరే, విన్నాను. చూడు పరాస్కా, మనుషులు తక్కువైతే నీ కోసం నేనొచ్చి నిలబడతాను. ప్రోకిప్‌ని కూడా తెస్తాను, వాడికి స్నానం చేయించి."

ఆలోచిస్తానన్నాను. ఆయనకి డెబ్బై దాటాయి. ఆ మాట చెప్పడానికి రోడ్డు మధ్య వరకూ రావడమే పెద్ద ప్రయాణం.

ఒరిస్య, వాల్టర్ సస్కటూన్ నుంచి వస్తారు. నేనూ తెక్ల పిన్నీ ఉన్నాం. నువ్వొక్కడివి ఇంకొకరితో వచ్చినా సరిపోతుంది. దిమిత్రి పండగ రోజు, పూజ వేళకి. ఆలస్యం చెయ్యకు.

పరాస్కా

*

వాంకూవర్
1969 అక్టోబరు 20

అక్కా! అక్కా! అక్కా!

ఒకరితో రమ్మన్నావు. ముప్ఫై మందితో వస్తున్నాను!

నా దగ్గర జుట్టు కత్తిరించుకునే ఒకాయనకి పాత స్కూలు బస్సు ఉంది. దాన్ని అరువు తీసుకున్నాను. ఇక్కడి నుంచి వాసిల్ కుటుంబం వస్తోంది, మన కొట్టు నడిపిన ముసలాయన కొడుకు, గుర్తుందా, తూకంలో మోసం చేసేవాళ్ళు. దారిలో కాల్గరీలో కొందరు, ఎడ్మంటన్‌లో కొందరు ఎక్కుతారు. "వెర్బా" అనగానే ఒక్కొక్కడు ఏడుస్తున్నాడు. ఇంత ప్రేముంటే ఎందుకు వదిలి వచ్చార్రా అంటే, అక్కడ బతకలేక అన్నారు. నిజమే కదా మరి.

నవంబరు ఎనిమిది పండగ కాబట్టి మూడున బయల్దేరతాం. దారిలో బస్సు రెండుసార్లయినా చెడుతుందని దాని ఓనరే చెప్పాడు, నిజాయితీపరుడు. ఏడు రాత్రికి ఊళ్ళో ఉంటాం. అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు ఎక్కువగా చెయ్యి. ఆ బిషప్పు మనిషి లెక్కపెట్టలేక వేళ్ళు నొప్పెట్టి పోవాలి!

ఇక అసలు సంగతి. "నీ కోసం వచ్చి నిలబడతాను" అన్నాడా? ఒక మగాడు ఆడమనిషి కోసం గుళ్ళో వచ్చి నిలబడతానంటే మా వాంకూవర్‌లో దానికి ఒకటే అర్థం. నీకు యాభయ్యారు, ఆయనకి డెబ్బై, నాకు అభ్యంతరం లేదు. నాన్న ఉంటే తుపాకీ తీసేవాడు, లేడు కాబట్టి నేను అకార్డియన్ తెస్తున్నాను. పెళ్ళి ఏ గుళ్ళోనని గొడవొస్తే రోడ్డు మధ్యలో చేసుకోండి. లారీలు కూడా రావు.

కాబోయే బావకి నమస్కారాలు చెప్పు.

మెత్రో

*

వెర్బా
1969 అక్టోబరు 27

మెత్రోకి,

నిన్న దిమిత్రి పండగ అయింది. నువ్వు రాలేదు.

ఫాదర్ వచ్చారు. ఒరిస్య, వాల్టర్ వచ్చారు. తెక్ల పిన్నిని వాల్టర్ మోసుకొచ్చి కూర్చోబెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి రోడ్డు వంక చూస్తూ ఉన్నాను. పూజ మొదలయ్యే వేళకి అవతలి తలుపు తెరుచుకుంది. హరాసిమ్, ప్రోకిప్, ఇద్దరూ నల్ల కోట్లు వేసుకుని వచ్చారు. రోడ్డు మధ్యలో ఆగారు. హరాసిమ్ టోపీ తీసి చేత్తో గట్టిగా పట్టుకుని దాటాడు. ఇటువైపు ఎవరైనా లాక్కుంటారనేమో.

పూజ బాగా జరిగింది. హరాసిమ్ పాడాడు. ఆ గొంతు ఇన్నేళ్ళూ అవతల వృథాగా పోయింది.

పూజయ్యాక ఫాదర్ సంతోషంగా, "ఆరుగురున్నారు, చాలు" అన్నారు. మంచివాడు. పేర్లు రాసుకోవడానికి పెన్ను తీశారు. "అందరూ మన గుడి వాళ్ళేగా అమ్మా?" అని అడిగారు.

అందరూ నా వంకే చూశారు. ఒరిస్య నా మోచెయ్యి గిల్లింది. ఇంకా నల్లగా ఉంది.

"ఈ ఇద్దరూ అవతలి వాళ్ళండీ" అన్నాను.

బయటికొచ్చాక హరాసిమ్ అరిచాడు. "ముసలిదానా! ఒక్క అబద్ధం ఆడితే నరకానికి పోతావా? నేను యాభై ఏళ్ళ పంతం వదిలి దాటి వచ్చానే!"

"పీఠం ముందు నిలబడి ఆడలేను హరాసిమ్."

"అయితే పక్కకి జరిగి ఆడాల్సింది!"

ఫాదర్ వెళ్తూ పీఠం మీది గుడ్డని మడిచి తీసుకెళ్ళారు. బిషప్పు సంతకం ఉండే ఆ గుడ్డ లేకుండా పూజ చెయ్యకూడదు. మడిచేటప్పుడు ఆయన ఒక కొస నాకిచ్చారు. నేను సాయం చేశాను.

నువ్వు ఇంకొకరితో వస్తే చాలని రాశాను. ఒట్టు వేశావు. నీకోసం ప్రార్థిస్తున్నాను. ఇవాళ కొంచెం కష్టంగా ఉంది.

పరాస్కా

అక్టోబరు 30. ఇది పోస్టులో వెయ్యకముందే నీ ఉత్తరం వచ్చింది. నవంబరు ఎనిమిది అని రాశావు. మూడుసార్లు చదివాక తెలిసింది. మన గుడి పాత పంచాంగం వదిలి కొత్త దాంట్లోకి మారి నాలుగేళ్ళయింది. పండగలన్నీ పదమూడు రోజులు ముందుకి జరిగాయి. అవతలి వాళ్ళు మారలేదు. వాళ్ళకి ఇంకా ఎనిమిదే. నీకూ ఎనిమిదే. తేదీ రాయాలని నాకు తోచలేదు, దిమిత్రి పండగ ఎప్పుడో దిమిత్రికి చెప్పాలా అనుకున్నాను.

ఫోను చేసి మిమ్మల్ని ఆపొచ్చు. ఆపను. ముప్ఫై మంది ఈ ఊరికి బయల్దేరడం మళ్ళీ చూడను. క్యాబేజీలు కోస్తున్నాను.

ఇది నువ్వు తిరిగి వెళ్ళాక అందుతుంది. అప్పటికి అన్నీ తెలిసే ఉంటాయి. పెళ్ళి లేదు.

*

వాంకూవర్
1969 నవంబరు 18

అక్కా,

నిత్యమూ మహిమ. ఈసారి నిజంగానే అంటున్నాను.

నీ ఉత్తరం తలుపు కింద పడి ఉంది. "పెళ్ళి లేదు" అన్నది కాస్త ముందు అంది ఉంటే, దారిలో చెడి ఎనిమిది పొద్దున చేరిన బస్సు దిగగానే నేను హరాసిమ్‌ని కావలించుకుని "బావా!" అని అరిచేవాణ్ణి కాదు. ఆయన ముఖం చూశావా? ప్రోకిప్ అయితే "ఎవరికి బావ? ఎప్పటినుంచి?" అని తిరుగుప్రయాణం దాకా అడుగుతూనే ఉన్నాడు.

నువ్వు గుమ్మంలో నిలబడి "పండగ అయిపోయింది. గుడి మూసేశారు. అన్నం తినండి" అన్నావు. నేను నా జన్మలో విన్న అతి చిన్న ప్రసంగం. ముప్ఫై మందిమి మంచులో నిలబడి పూజ లేని గుడి వంక చూశాం. వాసిల్ పెళ్ళాం ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడే అవతల హరాసిమ్ తలుపు తీసి, "మా ఫాదర్ వచ్చి కూర్చున్నారు, మా పండగ ఇవాళే. లోపలికొస్తారా, చలికి చస్తారా?" అన్నాడు.

నువ్వు ముందు నడిచావు. నేను చూశాను. రోడ్డు మధ్యలో ఆగలేదు.

తర్వాతది నువ్వూ చూశావు కానీ నేను చూసిన వైపు నుంచి చూడలేదు, ఎందుకంటే నేను నేల కింద నుంచి చూశాను. ఇరవై ఏళ్ళుగా ఇద్దరు బక్క ముసలివాళ్ళని తప్ప మొయ్యని నేల అది. మేం ముప్ఫై మందిమి, వెర్బా తిండికి పెరిగిన ఒళ్ళు. "ప్రభువా, దయచూపు" అని అందరం ఒక్కసారి వంగామా, ఫట్! నా కాలు తొడ వరకూ కిందకి దిగిపోయింది. వాసిల్ నడుం దాకా. వాళ్ళ ఫాదర్ ధూపం ఊపడం ఆపలేదు, మహానుభావుడు, మా చుట్టూ తిరిగి ఊపాడు. హరాసిమ్ పాట ఆపకుండానే ఒక చేత్తో నన్ను పైకి లాగాడు. బయటికొచ్చాక "నేల కింద ఏముందో చూశావా?" అని అడిగాడు. "పుచ్చిన దూలాలు" అన్నాను. "నాకు తెలుసు. ఎవరైనా వచ్చి విరగ్గొడితేగానీ ప్రోకిప్ నమ్మడు" అన్నాడు.

ఇక పని మాట. ఒరిస్య ఫోను చేసింది. స్థలం మన పేరుకి వచ్చేసిందట, క్రిస్మస్ లోపు తేల్చాలట, గుడిని కాల్చాలంటోంది. అక్కా, నేను ఒప్పుకోను! ఇది వాల్టర్ పన్నాగం. కాల్చేముందు పలకలు ఊడదీసి అమ్ముకుంటాడు, చూడు. ఆ గుడిని మ్యూజియం చేద్దాం. తాత కోటు, సారా బట్టీ, ఎర్రకోడితో సహా ట్రాక్టరు, అన్నీ పెడదాం. రోడ్డు మీద బోర్డు పెడదాం. నేను గుడికి వెళ్ళనన్నది నిజమే. కానీ అది అక్కడ ఉండాలి. ఉందని తెలిస్తే చాలు నాకు, అర్థమవుతోందా? దాన్ని కాలుస్తారంటే నాకు గడ్డం గీయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న ఒకడి చెవి తెగింది.

నా ఓటు ఇదే. కుటుంబం కూర్చున్నప్పుడు బిగ్గరగా చదువు. (కింద వాల్టర్ గురించి రాసిన నాలుగు వాక్యాలూ కూడా.)

తొడ వాచిన
మెత్రో

*

వెర్బా
1969 నవంబరు 30

తమ్ముడికి,

యేసుక్రీస్తుకు మహిమ. తొడకి పంది కొవ్వు రాయి. ఆ చెవి మనిషికి క్షమాపణ చెప్పు.

ఇవాళ సాయంత్రం మా వంటింట్లో కూర్చున్నాం. ఒరిస్య, వాల్టర్, నేను, తెక్ల పిన్ని. పిన్నికి వాటా లేదు, పొయ్యి దగ్గర చోటుంది. నీ ఉత్తరం బిగ్గరగా చదివాను. వాల్టర్ గురించిన వాక్యాలూ, తిట్లూ వదిలేశాను. చాలా తొందరగా అయిపోయింది.

వాల్టర్ విషయంలో నువ్వు పొరబడ్డావు. అతనికి పలకలూ వద్దు, స్థలమూ వద్దు. ఎవరూ అడగకుండానే సమాధుల తోట కంచె బాగుచేసి వచ్చాడు.

ఒరిస్యది డబ్బు ఆలోచన కాదు. పక్క ఊళ్ళో మూసిన గుళ్ళో కుర్రాళ్ళు చేరి సీసాలు పగలగొడుతున్నారట. పునీతుల పటాల కళ్ళకి బొమ్మ తుపాకులతో గురి పెట్టారట. "అక్కా, మన గుళ్ళోవి అమ్మ ముద్దు పెట్టిన పటాలు. అలా చూడలేను. మన చేత్తో పంపించేద్దాం" అంది.

నీ మ్యూజియం గురించి వాల్టర్ అడిగాడు. "ఎవరొస్తారు చూడ్డానికి?"

"మెత్రో" అన్నాను.

"ఆయన రాడుగా."

"అదే. వాడికి వెళ్ళకుండా ఉండటానికి ఒక గుడి కావాలి."

కోపం తెచ్చుకోకు. నాకు అర్థమైంది. నీ ఓటు నీ ఓటే.

మెత్రో, నేను కాల్చమనే చెప్పాలని కూర్చున్నాను. మూడు వారాలు ఆ గుళ్ళోకి వెళ్ళి నిలబడ్డాను. పూజ లేని చోట నేను చేసేది దుమ్ము దులపడమే. అది ప్రార్థన కాదు. ఆ మాట చెప్పబోతుంటే తలుపు చప్పుడైంది. హరాసిమ్, వెనక ప్రోకిప్. తాతల నాటి నుంచీ మన ఇంట్లోకి అడుగుపెట్టని వాళ్ళు. కూర్చోమన్నాను. హరాసిమ్ కూర్చోలేదు. నేలని కాలితో నొక్కి చూశాడు.

"గట్టిదే. మెత్రో ఇక్కడ పెరిగాడుగా" అన్నాడు.

తర్వాత విషయం చెప్పాడు. వాళ్ళ గుడి నేల మొత్తం తీసి చూశారట. దూలాలే కాదు, పునాది కూడా పోయింది. వసంతం దాకా నిలబడదు. నెలకోసారి వాళ్ళ ఫాదర్ వస్తారు, ఆయనకి గుడి లేదు. "మీకు గుడి ఉంది, ఫాదర్ లేడు" అన్నాడు. మళ్ళీ నేలని కాలితో నొక్కి చూశాడు. ప్రోకిప్ అన్నాడు: "మా అన్న అడగడు. నేను అడుగుతున్నా. మీ గుడి మాకిస్తారా?"

ఒరిస్య ఎర్రబడింది. "తాత సమాధిలో తిరగబడతాడు!"

"పక్కనే మా నాన్న ఉన్నాడమ్మా. ఆయనా తిరగబడతాడు. ఇద్దరూ ఎదురెదురుగా వస్తారు, ఇన్నాళ్ళకి" అన్నాడు హరాసిమ్.

తెక్ల పిన్ని, ఒక్క మాటా విననిది, అప్పుడే "ఈ మగాళ్ళకి టీ ఇవ్వరా?" అని అరిచింది. ఇచ్చాం. టీ తాగుతూ తేల్చుకున్నాం.

గుడిని కాల్చం. స్థలంతో సహా వాళ్ళకి రాసిచ్చేస్తాం. వాళ్ళ బిషప్పుకి కాదు, వాళ్ళకే. పూజ ఆగితే మళ్ళీ మనకే రావాలని రాయించమన్నాడు హరాసిమ్. తాతలాగే ఆలోచిస్తాడు. ముగ్గురి సంతకాలూ కావాలి, నీది పంపు. వాళ్ళ గుడిని వాళ్ళే కాలుస్తారు, మంచు బాగా పడ్డాక, గాలి లేని రోజు చూసి. బూడిద సమాధుల తోటలో పాతిపెడతారు. వాల్టర్ ట్రాక్టరు తెస్తానన్నాడు. మన గోపురం మీద వాళ్ళ పద్ధతి సిలువ పెడతానని ప్రోకిప్ పట్టుబట్టాడు. నిచ్చెన ఎవరు ఎక్కుతారని అడిగాను. ఉన్నదే ఉంటుంది.

అప్పుడు ఒరిస్య అడిగింది. "మరి అక్క సంగతి?"

హరాసిమ్ కప్పులోకి చూస్తూ చెప్పాడు. "మా ఫాదర్‌ని అడిగాను. మా వాళ్ళలో చేరితే తప్ప పూజలో సత్ప్రసాదపు రొట్టె ఇవ్వరట."

"చేరను" అన్నాను.

"తెలుసు. చేరదని నేనే ఆయనకి చెప్పాను."

"నేను వెనక నిలబడతాను. ప్రార్థన వినబడితే చాలు. సత్ప్రసాదానికి పండక్కి పండక్కీ వాల్టర్ నన్ను యార్క్‌టన్‌లో మా గుడికి తీసుకెళ్తాడు."

ఒరిస్య ఏడ్చింది. "పుట్టినప్పటి నుంచీ నువ్వు ఊడ్చిన గుడి అక్కా! అందులో నువ్వు వెనకా?"

"వెనక చలికి పొయ్యి ఉందే" అన్నాను.

ఒరిస్య లేచి కప్పులు తీసింది. అదే ఖాయమైంది.

అక్క
పరాస్కా